మోసేవాళ్లను చూసి ఫ్రేము గీయండి

లూధియానా నుంచి చెన్నై దాకా ఉన్న సైకిల్ తయారీ సంస్థల యాజమాన్యాలకు, ఆ సంస్థల్లో ఫ్రేములు గీసే ఇంజినీర్లకు బహిరంగ లేఖ



మీరు ‘ఫోల్డింగ్’ అని పేరుపెట్టి అమ్ముతున్న సైకిల్‌ను మీలో ఎవరైనా మడిచి, ఒంటిచేత్తో పట్టుకుని మెట్రో స్టేషన్ మెట్లెక్కారా? లిఫ్టు ఆగిపోయిన రోజు మూడో అంతస్తుకు మోశారా? కిక్కిరిసిన ఎంఎంటీఎస్ లోకల్ రైలు పెట్టెలో కాళ్ల దగ్గర పెట్టుకుని, పక్కవాళ్ల బట్టలకు చెయిన్ మరక అంటకుండా లింగంపల్లి నుంచి సికింద్రాబాద్ దాకా వచ్చారా? వచ్చి ఉంటే, ఇప్పుడున్న రూపంలో ఆ సైకిల్ ఫ్యాక్టరీ గేటు దాటేది కాదని నా నమ్మకం.

ఈ లేఖ రాయించింది మీ సైకిల్ కన్నా మీ జవాబు. ‘మన దగ్గర మడత సైకిల్‌కు గిరాకీ లేదండీ. కొనేవాళ్లు రంగు చూస్తారు, గేర్లెన్నో అడుగుతారు, బరువెవరు అడుగుతారు?’ అన్నది దుకాణాల్లో తరచూ వినపడే మాట. అంటున్నది డీలరే అయినా పాఠం మీదే. మీ కేటలాగులు తిరగేయండి. గేర్ల సంఖ్య పెద్దక్షరాల్లో ఉంటుంది, డిస్క్ బ్రేకుల ఫొటో ఉంటుంది, షాకర్లున్నాయన్న గొప్ప ఉంటుంది. మడిచాక పొడవెంత, ఎత్తెంత, మందమెంత? చాలావాటిలో ఆ మూడు అంకెలూ ఉండవు. బరువు కొన్నింటిలో ఉంటుంది, కొన్నింటిలో ఉండదు. బరువు దాచిపెట్టి, కొనేవాడు బరువు అడగడంలేదనడం ఏం న్యాయం?

ఇక్కడ దొరికే 20 అంగుళాల చక్రాల మడత సైకిళ్లు చాలావరకు 15 కిలోలకు అటూ ఇటూ తూగుతాయి. ఖాళీ గ్యాస్ సిలిండర్ ఇంచుమించు అంతే ఉంటుంది. సిలిండర్‌కు కనీసం పట్టుకోవడానికి గుండ్రటి పిడి ఉంది. మీ సైకిల్‌ను మడిచాక ఎక్కడ పట్టుకోవాలో మీరే చెప్పాలి. సీటు పట్టుకుంటే ముందు చక్రం విడిపోయి మోకాలికి తగులుతుంది. ఫ్రేము పట్టుకుంటే పెడల్ పిక్కలో గుచ్చుకుంటుంది. రెండు చక్రాలూ అతుక్కుని ఉంటాయని పెట్టిన అయస్కాంతం నాలుగో మెట్టు దగ్గరే చేతులెత్తేస్తుంది. ఇక 26 అంగుళాల చక్రాలు, లావాటి టైర్లు, ముందొక షాకరు, వెనకొక షాకరు పెట్టి, మధ్యలో ఒక మడతబందు వేసి ‘ఫోల్డబుల్ మౌంటెన్ బైక్’ అని అమ్మే సరుకు గురించి మాట్లాడటమే దండగ. టైరుతో కలిపి 66 సెంటీమీటర్ల చక్రం ఎన్ని మడతలు పెట్టినా 66 సెంటీమీటర్లే. దాన్ని కారు డిక్కీలో వేసుకోవచ్చంటారా? కారున్నవాడి కోసమే అయితే ఆ ముక్క పెట్టె మీద రాయండి, మిగతావాళ్లం ఆశపడం.

మిగతావాళ్లం ఎవరమో మీకు తెలియంది కాదు. అపార్ట్‌మెంట్లలో ఉండేవాళ్లం. సెల్లార్‌లో కార్లకు గీతలు గీసి నంబర్లు వేస్తారు, స్కూటర్లకు మూల చూపిస్తారు, సైకిల్‌ను మాత్రం జనరేటర్ వెనక పెట్టుకోమంటారు. తాళం వేసినా పొద్దునకు ఉంటుందన్న భరోసా లేదు. హాస్టల్ గదిలో ముగ్గురితో సర్దుకునే విద్యార్థులున్నారు. తెనాలి, గుంటూరుల నుంచి విజయవాడకు, కాజీపేట నుంచి సికింద్రాబాద్‌కు సీజన్ టికెట్ మీద రోజూ తిరిగే ఉద్యోగులున్నారు. ఇంటి నుంచి స్టేషన్‌కు ఒక ఆటో, దిగిన ఊళ్లో ఆఫీసుకు ఇంకో ఆటో. టికెట్ కన్నా ఆటోలకే ఎక్కువ పోతుంది. మామూలు సైకిల్‌ను రైల్లో తీసుకెళ్లాలంటే పార్సిల్ ఆఫీసుకు వెళ్లి బుక్ చేసి బ్రేక్‌వ్యాన్‌కు అప్పగించాలి. రోజువారీ ప్రయాణికుడికి అది అయ్యే పనేనా? వీళ్లందరికీ కావలసింది రెండు చివర్లా నేల మీద నడిచి, మధ్యలో సీటు కింద దూరిపోయే సైకిల్. వీళ్లంతా గిరాకీ కాదా?

హైదరాబాద్‌లో ఔటర్ రింగ్ రోడ్డు పక్కన 23 కిలోమీటర్ల సైకిల్ బాట 2023లో తెరిచారు. నెత్తిన సౌర పలకల నీడ, కింద నున్నటి దారి. దాని మీద తొక్కడానికి సైకిల్‌ను కారుకు కట్టుకుని వచ్చేవాళ్లను చూస్తుంటే నవ్వాలో ఏడవాలో తెలియదు. సరే, అది ప్రభుత్వంతో తేల్చుకోవలసిన లెక్క. మీతో లెక్క ఫ్రేము దగ్గరే.

అసలు తప్పు ఎక్కడుందో చెప్తాను. మీరు మామూలు సైకిల్‌తో మొదలుపెట్టి దాన్ని మధ్యకు కోసి మడతబందు వేస్తున్నారు. మడత సైకిల్‌ను గీయాల్సింది మడిచిన రూపం నుంచి. ముందు పెట్టె కొలత రాసుకుని, అందులో చక్రాలు ఎక్కడుండాలో, చెయిన్ ఎటు తిరగాలో, చెయ్యి ఎక్కడ పట్టాలో తేల్చుకుని, ఆ తర్వాత దాన్ని విప్పితే మనిషి కూర్చునేలా చేయాలి.

ఇది నేను కనిపెట్టిన సంగతేం కాదు. కేంబ్రిడ్జిలో ఇంజినీరింగ్ చదివిన ఆండ్రూ రిచీ 1970ల మధ్యలో లండన్‌లో తన ఫ్లాట్‌లోని పడకగదినే కార్ఖానాగా చేసుకుని మొదలుపెట్టిన పని ఇదే. హ్యారీ బికర్టన్ చేసిన అల్యూమినియం మడత సైకిల్ చూసి, ఇంతకన్నా బాగా చేయొచ్చనుకున్నాడు. కిటికీలోంచి కనపడే బ్రాంప్టన్ ఆరేటరీ చర్చి పేరే తన సైకిల్‌కు పెట్టాడు. ఆ నమూనా పట్టుకుని ర్యాలీ లాంటి పెద్ద కంపెనీల దగ్గరికి వెళ్తే వద్దన్నాయి. 1981లో కొద్దిపాటి సంఖ్యలో చేశాడు, ఆగిపోయాడు, 1988లో మళ్లీ నిలదొక్కుకుని ఉత్పత్తి మొదలుపెట్టాడు. అప్పట్లో కాదన్నవాళ్లు కూడా మార్కెట్ లేదనే అనుకుని ఉంటారు. ఇవాళ లండన్ ఆఫీసుల్లో బల్ల కింద కనిపించేది ఆ సైకిలే.

దాని మడతను ఒకసారి దగ్గర నుంచి చూడండి. వెనక చక్రం, దాన్ని పట్టుకున్న త్రికోణంతో సహా, ముందుకు తిరిగి ఫ్రేము కిందకు వెళ్లిపోతుంది. నడుమనున్న మడతబందు వదులు చేస్తే ముందు చక్రం పక్కకు తిరిగొచ్చి వెనక చక్రం సరసన చేరుతుంది. చెయిన్, పళ్లచక్రం ఆ రెండు చక్రాల మధ్య దాక్కుంటాయి. గ్రీజు ఎవరికీ అంటదు. హ్యాండిల్ కిందకు వాలుతుంది. చివరగా సీటు దించితే సీటు గొట్టమే గడియలా అడ్డుపడి మడత ఊడకుండా కాపాడుతుంది. విడిగా పట్టీ అక్కర్లేదు, అయస్కాంతం అక్కర్లేదు. వెనక త్రికోణం తిరగడానికి పెట్టిన కీలే గతుకుల్లో సస్పెన్షన్ కీలుగా కూడా పనికొస్తుంది. పైన ఒక రబ్బరు దిమ్మ, అంతే. ఒక్క భాగం రెండు పనులు చేస్తే రెండో భాగం బరువు ఆదా అవుతుంది. మీ డిజైన్ గదిలో ఈ లెక్క ఎవరు వేస్తున్నారు?

కొలతలు చెప్తాను. మడిచిన బ్రాంప్టన్ సుమారు 64.5 సెంటీమీటర్ల పొడవు, 58.5 ఎత్తు, 27 మందం. అంటే దాదాపు 102 లీటర్ల చోటు. మధ్యకు విరిచే 20 అంగుళాల సైకిల్ ఒకటి 80 పొడవు, 65 ఎత్తు, 40 మందం వస్తుందనుకుంటే 208 లీటర్లు, అంటే రెట్టింపు. తేడా అంతా చక్రాల సైజుదే అనుకోకండి. ఎక్కువ భాగం ఆ 40 దగ్గర ఉంది. రెండు ఇరుసులూ ఎదురెదురుగా పడటం, పెడల్ బయటకు పొడుచుకు రావడం, హ్యాండిల్ కొమ్ములకు చోటు ఆలోచించకపోవడం కలిస్తే ఆ 40. ఇవన్నీ కాగితం మీద పెన్సిల్‌తో సరిచేయగల తప్పులు. వీటికి కొత్త యంత్రం అక్కర్లేదు.

ఆ సైకిల్‌ను అచ్చు దించమని నేను అడగడంలేదు. దాని మడత మీద పేటెంట్ ఎప్పుడో ముగిసింది కాబట్టి ఆ సూత్రం ఎవరైనా వాడుకోవచ్చు, కానీ మన వీధికి మన సైకిల్ కావాలి. బ్రాంప్టన్ టైరు 349 మిల్లీమీటర్ల రిమ్ముకు వేసేది. మన ఊళ్లో పంక్చరైతే ట్యూబు కోసం ఆన్‌లైన్‌లో వెతకాలి. పిల్లల 16 అంగుళాల సైకిల్‌కు వేసే 305 మిల్లీమీటర్ల టైరు మండల కేంద్రంలోని సైకిల్ షాపులో కూడా వేలాడుతూ ఉంటుంది. దాన్నే ఎందుకు తీసుకోకూడదు? కాస్త లావుగా ఉంటుంది కాబట్టి మన గతుకులకు కూడా నయం. గట్టి గాలి పట్టే నాణ్యమైన టైరు ఆ సైజులో చేయించడం మీకు కష్టమా? చుట్టుకొలత 124 సెంటీమీటర్లు వస్తుంది. ముందు 52 పళ్లు, వెనక 13 పెడితే ఒక్క తొక్కుకు దాదాపు 5 మీటర్లు వెళ్తుంది. చిన్న చక్రమైతే ఎక్కువసార్లు తొక్కాలన్న భయం జనంలో ఉంది. దాన్ని పోగొట్టాల్సిన మీరే దాన్ని సాకుగా చూపిస్తున్నారు.

చిన్న చక్రం గుంతలో లోతుగా పడుతుందన్న మాట మాత్రం నిజం. దానికి జవాబు 1962లోనే బ్రిటిష్ ఇంజినీర్ అలెక్స్ మోల్టన్ ఇచ్చాడు: చిన్న చక్రాలు, గట్టి గాలి, రబ్బరు సస్పెన్షన్. చవక షాకర్ ఫోర్కు ఆ జవాబు కాదు. రెండు కిలోలకు అటూ ఇటూ తూగే ఆ ఫోర్కు మన స్పీడ్ బ్రేకర్ దగ్గర చేసే మేలు కన్నా మెట్ల మీద చేసే కీడే ఎక్కువ.

ఇప్పుడు మడతబందు సంగతి. ఇక్కడ మీతో కొంచెం గట్టిగానే మాట్లాడాలి, ఎందుకంటే ఇది ప్రాణాలతో పని. మామూలు సైకిల్ ఫ్రేములో త్రికోణం ఉంది, బరువును గొట్టాలు పంచుకుంటాయి. మడత సైకిల్‌లో పై గొట్టం ఉండదు. ఒక్క దూలమే వంపునూ మెలికనూ రెండింటినీ కాయాలి, దాన్నీ నడుమ కోసి మళ్లీ కలపాలి. ఆ కలిపిన చోట ఎంత శ్రద్ధ ఉండాలి? హ్యాండిల్ స్తంభం అడుగున ఉన్న బందు తీసుకోండి. పట్టు వెడల్పు 4 సెంటీమీటర్లనుకుందాం. అందులో మిల్లీమీటర్‌లో పదో వంతు ఖాళీ ఏర్పడితే 40 సెంటీమీటర్ల పైనున్న చేతికి అది పూర్తి మిల్లీమీటర్ ఊగులాటగా తగులుతుంది. తొక్కేవాడు బ్రేకు వేసిన ప్రతిసారీ ‘టక్’ మంటుంది. మెకానిక్ దగ్గరికి తీసుకెళ్తే లీవర్ బిగిస్తాడు, నెలకు మళ్లీ వదులవుతుంది. బందులోని పిన్ను, బుష్షు అరిగిపోయాయని అతనికీ తెలుసు. ఆ రెండూ విడిగా ఎక్కడ అమ్ముతారో మాత్రం తెలియదు. మీరు అమ్ముతున్నారా? పది రూపాయల కాటర్ పిన్ను దొరికే దేశంలో మనిషి ముందుపళ్లు ఆధారపడ్డ బుష్షు దొరక్కపోతే బాధ్యత ఎవరిది?

లీవర్ పొరపాటున తెరుచుకోకుండా రెండో గడియ ఉండాలన్నది ఈ రంగంలో ఎప్పటి నుంచో ఉన్న ఆచారం. ఆ రెండో గడియ కొన్ని సైకిళ్లలో బొటనవేలితో తోస్తే పడిపోయేంత పలచటి రేకు ముక్క. రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ పారాట్రూపర్ల కోసం బీఎస్ఏ చేసిన మడత సైకిల్‌కు రెండు బందులు, వాటిని బిగించడానికి చెవుల నట్లు ఉండేవి. పెడళ్ల బదులు లోపలికి తోసేసే కడ్డీలు. విమానం నుంచి దూకే సైనికుడి వెంట పంపిన సైకిల్ అది. అదే బీఎస్ఏ పేరున్న సైకిళ్లను మనం చిన్నప్పటి నుంచి తొక్కుతున్నాం. ఎనభై ఏళ్ల కింద కడ్డీ పెడల్ గురించి అంత ఆలోచన చేసిన పేరును వారసత్వంగా అందుకున్న పరిశ్రమ, ఇవాళ మడిచాక పెడల్ ఎటు తిరుగుతుందో పట్టించుకోకపోవడం ఏమిటి?

బరువు తగ్గించాలంటే ధర పెరుగుతుందంటారు. ఎంత పెరుగుతుందో లెక్క చూపించండి, మేమూ చూస్తాం. మామూలు ఉక్కు, క్రోమోలీ ఉక్కు వంగడానికి ఒకేలా ఎదురుతిరుగుతాయి. తేడా బలంలో ఉంది. క్రోమోలీ బలమైంది కాబట్టి గొట్టం గోడ పలచన చేయొచ్చు. గొట్టం వ్యాసం రెట్టింపు చేసి గోడ మందం సగం చేస్తే బరువు మారదు, మెలికకు తట్టుకునే బిగువు మాత్రం నాలుగింతలవుతుంది. మరీ పలచనైతే సొట్ట పడుతుంది, నిజమే; ఆ మధ్యగీత ఎక్కడో తేల్చడమే కదా ఇంజినీరు పని? అల్యూమినియం వాడదలిస్తే వాడండి. కానీ వెల్డింగ్ వేడికి అతుకు చుట్టూ లోహం మెత్తబడుతుంది, మళ్లీ వేడిచికిత్స చేయాలి. పైగా ఉక్కులా అది ఒక హద్దు లోపల ఎన్ని కుదుపులైనా భరించే లోహం కాదు. చిన్న కుదుపులు కూడా దాని ఖాతాలో పడుతూనే ఉంటాయి. బందు దగ్గర ఆ ఖాతా తొందరగా నిండుతుంది.

గొట్టాలు చేయడం చేతకాని దేశమా మనది? 1949లో చెన్నైలో మొదలైన మీ సోదర సంస్థ ఒకదాని పేరులోనే ట్యూబు ఉంది. మోటార్ సైకిళ్లకు, కార్లకు నాణ్యమైన గొట్టాలు ఇక్కడే తయారుచేస్తున్నారు. 2025 సెప్టెంబర్ 22 నుంచి సైకిళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దిగింది. పన్ను కలపని ధర 15,000 ఉన్న సైకిల్ మీద అది 1,050 రూపాయల తేడా. ఆ తగ్గింపు కొనేవాడిదే, అనుమానం లేదు. అయితే అదే సొమ్ము మేలురకం గొట్టంలో, మంచి బుష్షులో పెట్టి పాత ధరకే ఇస్తే ఎంతమంది వద్దంటారు? ఇప్పుడు తేలికైన మడత సైకిల్ కావాలన్నవాడు దిగుమతి సరుకుకు భారీగా పెట్టాలి, లేదా ఆశ చంపుకోవాలి. ఆ రెంటికీ మధ్యనున్న చోటు దాదాపు ఖాళీగానే ఉంది.

రైళ్లలో, మెట్రోల్లో రానివ్వకపోతే మేమేం చేస్తామని మీరు అడగొచ్చు. ఢిల్లీ మెట్రో చాలాకాలం పాటించిన సామాను కొలత 60, 45, 25 సెంటీమీటర్లు, 15 కిలోలు. నేను ఇంతసేపు పొగిడిన సైకిల్ కూడా అందులో పట్టదు, ఒప్పుకుంటాను. బెంగళూరు మెట్రో మడత సైకిళ్లకు, కొచ్చి మెట్రో మామూలు సైకిళ్లకు కూడా తలుపు తీశాయి. లండన్ ట్యూబు రైళ్లలో మడత సైకిల్‌ను ఏ వేళైనా ఎక్కించుకోవచ్చు. జపాన్‌లో సంచిలో పెట్టి కట్టేస్తే రైల్లోకి రానిస్తారు. అధికారులతో వాదించడానికి మేం సిద్ధమే. కానీ వాదించడానికి చేతిలో ఉన్న వస్తువు మా వైపు ఉండాలి కదా? 80 సెంటీమీటర్ల పొడవుతో, చెయిన్ బయటకు పెట్టుకుని, చక్రం ఊగుతూ ఉన్న ఆ గుట్టను చూసి గేటు దగ్గర గార్డు వద్దంటే నేను అతన్ని తప్పుపట్టలేను.

కాబట్టి అడిగేవి అడుగుతాను. 11 కిలోలకు మించని, మడిస్తే 70, 60, 30 సెంటీమీటర్ల పెట్టెలో పట్టే ఒక్క ఫ్రేము గీయండి. చెయిన్ లోపలికి తిరగాలి. మడిచాక పట్టుకునే చోటు ఏదో ఫ్రేము మీదే కనపడాలి, ఎత్తినా విడిపోకూడదు, ఎత్తలేనివాళ్లు చిన్న చక్రాల మీద దొర్లించుకుపోయేలా ఉండాలి. చీర కట్టుకున్న ఆవిడ, చుడీదార్ వేసుకున్న అమ్మాయి, అరవై దాటిన పెద్దాయన చేత మెట్లెక్కించి చూసి, అప్పుడు ఆమోదించండి. ఫొటో స్టూడియోలో మడిచిన సైకిల్‌తో ఆమోదం పొందే పద్ధతి ఇక చాలించండి. మడతబందు పిన్ను, బుష్షు, లీవర్ విడిభాగాలుగా డీలర్ దగ్గర ఉంచండి.

కొత్త ఫ్రేముకు ఏడాది, రెండేళ్లు పడుతుందంటారా, పట్టనివ్వండి. ఈలోపు ఖర్చులేని పని ఒకటుంది. వచ్చే జూన్ 3 ప్రపంచ సైకిల్ దినోత్సవానికి పత్రికల్లో పేజీ ప్రకటన ఇచ్చే ముందు, మీరు అమ్ముతున్న ప్రతి మడత సైకిల్‌నూ పెడళ్లు, స్టాండుతో సహా తూకం వేసి, మడిచి, టేపుతో కొలిచి, ఆ నాలుగు అంకెలనూ పెట్టె మీద ధర పక్కనే అచ్చు వేయించండి. కొనాలో వద్దో మేం చూసుకుంటాం.

ఇట్లు,
ఒక కొనుగోలుదారు,
హైదరాబాద్